ఆలస్యంగా వచ్చిన ఎడమ పాదం

టోక్యో, కామి-ఇగుసా
సెప్టెంబరు 21

అత్తయ్య గారికి,

తొవాకో రాస్తున్నాను. కవరు బరువు చూసి కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. తొమ్మిదేళ్ళలో మీకు తొమ్మిది కొత్తసంవత్సరం కార్డులు పంపాను, ఒక్కోదాని మీద రెండేసి వాక్యాలు. ఇది మాత్రం ఉత్తరం. జూలైలో రెండుసార్లు ఫోను చేశాను, మీరు ఎత్తలేదు. అందుకని రాస్తున్నాను.

వచ్చే నెల నుంచి టీవీలో ఒక బొమ్మల సీరియల్ మొదలవుతుంది. పేరు 'నాకొద్దంటే వినదేం ఈ కత్తి'. నవ్వకండి, ఇప్పుడు పేర్లన్నీ ఇలాగే ఉంటున్నాయి. సెరి అని ఒక హైస్కూలు పిల్ల. బడి బ్యాండులో పెద్ద బాకా ఊదుకుంటూ బతికేద్దామనుకుంటుంది. ముత్తవ్వ పోయాక ఆవిడ నగినత ఈ పిల్ల చేతికొస్తుంది. ముట్టుకోగానే పాతకాలపు సమురాయ్ ఆడవాళ్ళ బలమంతా చేతుల్లోకి దిగుతుంది. పిల్లకేమో అక్కర్లేదు. చెత్తబండిలో పారేస్తుంది, నదిలో వేస్తుంది, పోస్టులో పక్క జిల్లాకు పంపేస్తుంది. ఎన్ని చేసినా పొద్దున్నకల్లా అది మంచం పక్కనే ఉంటుంది.

ఆ సెరి బొమ్మలు గీసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఇక్కడ అందరూ కత్తి తిప్పడం సినిమాల్లో చూసినవాళ్ళే. నగినత ఎవరూ పట్టుకుని ఎరగరు. అది ఆరడుగుల పైన కర్ర అనీ, చివర కత్తి ఉందనీ మర్చిపోయి గొడుగు తిప్పినట్టు తిప్పిస్తున్నారు. నేనే నోరు జారి, "మా అత్తయ్య ఇనామి వంశానికి పదమూడో గురువు" అన్నాను. దర్శకుడు నా వైపు తిరిగాడు. నేను ఇక్కడ చేరి అయిదేళ్ళయింది, ఆయన నా మొహం చూడడం అదే మొదలు.

ఇష్టం లేని పిల్ల ఎలా పట్టుకుంటుంది? ఇష్టం వచ్చాక ఎలా పట్టుకుంటుంది? ఈ రెండూ చెప్పండి చాలు.

మీ ఊళ్ళో శనివారం సాయంత్రం ఆరున్నరకు వస్తుందట. చివర్లో పేర్లు పడతాయి. అందులో నా పేరు చూడండి.

తొవాకో

◆

మురకామి
సెప్టెంబరు 29

తొవాకోకి,

ఉత్తరం మొదట్లో ఋతువు గురించి ఒక్క మాటైనా రాయాలని నీకు ఆరో తరగతిలో నేర్పాను. టోక్యోలో ఋతువులు లేవేమో. ఇక్కడున్నాయి. కిటికీ ఎదురుగా ఉన్న పెర్సిమన్ చెట్టుకి కాయలు రంగు తిరుగుతున్నాయి. కాకులు నాకంటే ముందే లెక్కపెట్టుకుంటున్నాయి.

జూలైలో నేను ఊళ్ళో లేను. వేడినీటి బుగ్గల దగ్గర అయిదు వారాలున్నాను, ముసలివాళ్ళంతా వెళ్ళినట్టే. ఫోను చేయొద్దు, రాయి. ఫోనులో నేనెప్పుడూ సరిగ్గా మాట్లాడలేను.

ఇక నీ ప్రశ్న. ఇష్టం లేనివాళ్ళు బొటనవేళ్ళు పైకి లేపి పట్టుకుంటారు. ఏ క్షణాన వదిలేయమంటే ఆ క్షణాన వదిలేద్దామని. మిగతా ఎనిమిది వేళ్ళూ బుద్ధిగానే ఉంటాయి. నువ్వు ఆరో ఏట నుంచి పదిహేడో ఏట దాకా బొటనవేళ్ళు దించలేదు. నేను చూడలేదనుకున్నావా? రోజూ చూశాను. దించుకుంటుందిలే, దించుకుంటుందిలే అనుకుంటూ పదకొండేళ్ళు గడిపాను. చివరికి నగినత గేటుకు ఆనించి, సంచీ భుజాన వేసుకుని రైలెక్కావు. అది కూడా కింద పడకుండా చక్కగా ఆనించావు, అంతవరకు మెచ్చుకోవాలి.

నన్నూ ఎవరూ అడగలేదు. మా నాయనమ్మ పోయిన రోజున నాకు పదిహేనేళ్ళు. దహనం అయి ఇంటికి రాగానే పెద్దలంతా నా వైపు చూశారు. అంతే. నీ సెరికి కనీసం పోస్టులో పంపేయాలనే ఆలోచనైనా వచ్చింది. నాకు అదీ రాలేదు.

ఇష్టం వచ్చాక ఎలా పట్టుకుంటారనేది ఉత్తరంలో చెప్పేది కాదు. అది మనం సాధన చేసే కదలికల రూపాల్లో చివరిదానిలో ఉంది. 'మంచు దులపడం'. దెబ్బ కొట్టడం ఉండదు అందులో. అంతా అయిపోయాక కత్తి మీది మంచు దులిపి, వెనక్కి తగ్గి, ఆయుధాన్ని కిందపెట్టడం. దాన్ని రాయకూడదు, గీయకూడదు, ఒక్క మనిషికే చూపాలని మన నియమం. ఆ ఒక్క మనిషివి నువ్వు కావాల్సింది.

శనివారం చూస్తాను. కింద టీపొడి కొట్టు మొరొహాషి టీవీ రంగులు సరిచేసి పెట్టాడు.

షినో

◆

టోక్యో
అక్టోబరు 20

అత్తయ్య గారికి,

ఇక్కడ ఋతువు: మా వీధి మలుపులో చిలగడదుంపలు కాల్చే బండి వచ్చింది. సరిపోయిందా?

బొటనవేళ్ళ సంగతి చెప్పగానే మా గదిలో అందరూ పెన్సిళ్ళు పట్టుకున్న చేతులు ఎత్తి చూసుకున్నారు. రెండో భాగంలో సెరి బొటనవేళ్ళు చూశారా? అవి నేను గీసినవే. దర్శకుడు, "ఈ పిల్ల చేతులు చూస్తుంటేనే దీనికి ఇంటికి పోవాలనుంది అని తెలుస్తోందయ్యా" అన్నాడు. నాతో కాదు, పక్కవాడితో. అయినా నేను విన్నాను.

మా గదిలో ఇరవై రెండు బల్లలు. ప్రతివాళ్ళకీ చెవుల్లో పాటలు. ఒకరితో ఒకరికి పని పడితే చీటీ రాసి బొమ్మల కవరు మీద అంటిస్తాం. నా వెనక బల్లావిడ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఆవిడ చేతిరాత మాత్రం చీకట్లో ఇచ్చినా గుర్తుపడతాను. నిన్న సాయంత్రం కొట్లో అన్నం ముద్ద కొంటుంటే అమ్మాయి "వేడి చేయాలా?" అంది. "ఒద్దు" అన్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నిన్నంతా నేను మాట్లాడిన మాట అదొక్కటే. ఇది మీకు ఫిర్యాదుగా రాయడం లేదు. మాటవరసకి రాశాను.

మొదటి మూడు భాగాల్లో నా పేరు పడలేదు. పేర్ల జాబితా ముందే ఇచ్చేశారట. తర్వాత పడుతుంది.

తొవాకో

◆

మురకామి
నవంబరు 5

తొవాకోకి,

నదిలోకి సాల్మన్ చేపలు ఎక్కాయి. ఎదురింటి చూరుకు అప్పుడే ఎనిమిది వేలాడదీశారు. పైనుంచి చూస్తుంటే తోకలే కనిపిస్తున్నాయి. మన ఊళ్ళో చేపను కూడా తలకి ఉరేయం, తోకకి కడతాం. కడుపు మొత్తం చీల్చం, మధ్యలో జానెడు వదిలేస్తాం. సమురాయ్‌ల ఊరు మనది, కడుపు కోసుకుని చావడం మనకి వేళాకోళం కాదు. చేప విషయంలోనే ఇంత పట్టింపు ఉన్న ఊళ్ళో పెరిగావు నువ్వు.

ఇప్పుడు అయిదో భాగం గురించి మాట్లాడుకుందాం.

సెరి ముత్తవ్వ కిమొనో కట్టుకుని మెట్ల మీద నిలబడుతుంది. చూశాను. టీవీకి దగ్గరగా జరిగి మళ్ళీ చూశాను. కుడి అంచు పైన ఉంది! ఎడమ పైన ఉండాల్సింది కుడి పైన ఉంది! బతికున్న పిల్లకి శవానికి కట్టినట్టు కట్టి నిలబెట్టారు. ఆ పిల్ల అలాగే పరుగెత్తుతుంది, అలాగే ఎగురుతుంది, అలాగే వాళ్ళమ్మకి టీ పోస్తుంది. ఆ తల్లి కూడా తాగుతుంది!

మొరొహాషి పైకొచ్చి ఓదార్చాడు. "గురువుగారూ, బొమ్మల పిల్లే కదా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. "నీ కొట్టు బోర్డు తలకిందులుగా రాస్తే ఊరుకుంటావా?" అన్నాను. "జనం ఆగి చూస్తారు, వ్యాపారం పెరుగుతుంది" అన్నాడు. వాడితో లాభం లేదు.

ఇనామి ఇంట్లో పెరిగిన పిల్ల కూర్చున్న గదిలో ఇది జరిగింది. ఎవరు గీశారది? నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావు?

ఇంకోటి. అయిదు వారాలుగా భూతద్దం పట్టుకుని పేర్లు చదువుతున్నాను. నీ పేరు లేదు. బ్యాండు వాయించినవాళ్ళ పేర్లున్నాయి, అన్నం పొట్లాలు తెచ్చినవాడి పేరు కూడా ఉన్నట్టుంది. నీ పేరు లేదు.

షినో

◆

టోక్యో
నవంబరు 12

అత్తయ్య గారికి,

ఋతువు రాసే ధైర్యం లేదు.

ఆ కిమొనో గీసింది నేనే.

మేం బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి దాన్ని అద్దంలోలా తిప్పి చూస్తాం. తెర మీద ఒక మీట నొక్కితే కుడి ఎడమవుతుంది. మొహం వంకరగా ఉంటే అప్పుడు బయటపడుతుంది. చూసుకుని మళ్ళీ నొక్కి మామూలుగా తిప్పుకోవాలి. ఆ రోజు నేను తిప్పుకోలేదు. నా బొమ్మలు చూసే, వాటి మధ్య కదలికలు గీసేవాళ్ళు గీశారు, రంగులవాళ్ళు రంగులేశారు. తప్పులు పట్టే ఉసుయి గారికి ఆ వారం చూసే వ్యవధి లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మీటని తిట్టడం లేదు, తప్పు నాదే.

ఇంకా దారుణం ఏమిటంటే ఎవరూ తిట్టలేదు. సెరి అసలు మొదటి భాగంలోనే చచ్చిపోయిందని, అది సూచన అని చూసేవాళ్ళు రాసుకుంటున్నారు. వందలమంది. దర్శకుడు అది చదివి, "మనకి ఇంత తెలివుందని మనకే తెలీదు" అని నవ్వాడు. ఉసుయి గారొక్కరే మర్నాడు నా బల్లకి చీటీ అంటించి వెళ్ళారు. 'బతికున్నవాళ్ళకి ఎడమ పైన.' అంతే రాసుంది. తీసేయలేదు నేను.

పేరు సంగతి కూడా చెప్పేస్తాను. నా పేరు పడదు. నేను ఆ స్టూడియో మనిషిని కాదు. వాళ్ళు బయటి కంపెనీకి పని పంపిస్తారు, ఆ కంపెనీ నన్ను ఇక్కడ కూర్చోబెడుతుంది. చివర్లో కంపెనీ పేరు పడుతుంది, అందులో నేనున్నానన్నమాట. అయిదేళ్ళుగా అంతే. మీరు భూతద్దంతో వెతుకుతారని నేను అనుకోలేదు. ఒకసారి చూసి మర్చిపోతారనుకుని రాశాను.

కిమొనో విషయంలో నాకు ఇంకోటి కూడా మనసులో తొలుస్తోంది. గీశాక అది తప్పని నాకు ఎందుకు అనిపించలేదు? అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. మొహం చూడలేక ఆ పూటంతా మెడ దగ్గర అంచే చూస్తూ కూర్చున్నాను. నా జ్ఞాపకంలో అమ్మకి ఎడమ అంచే పైనుంది. అలా ఉండదు కదా. చనిపోయినవాళ్ళకి కుడి పైన. అంటే నాకు అమ్మ కూడా తిరగబడే గుర్తుందా? అప్పటి నుంచీ ఏది ఎటో నాకు తెలియడం లేదేమో.

చివరి భాగంలో చివరి తొమ్మిది సెకన్లు నన్ను గీయమన్నారు. సెరిలోంచి ముత్తవ్వల బలమంతా పోతుంది. ఉట్టి పిల్ల, ఉట్టి చేతులు. అప్పుడు మొదటిసారి తన ఇష్టంతో నగినత తీసుకుని, పోరాటం ముగించి, కిందపెట్టాలి. అది బాగుంటే నా పేరు వేసి స్టూడియోలోకి తీసుకుంటామన్నారు. బాగోకపోతే డిసెంబరుతో నా కంపెనీ ఒప్పందం ఆఖరు.

అడగకూడనిదే అడుగుతున్నాను. 'మంచు దులపడం' నాకు చూపిస్తారా? గీయడానికే. మీరు ఒద్దంటే మళ్ళీ అడగను.

తొవాకో

◆

మురకామి
నవంబరు 20

తొవాకోకి,

ఉత్తరపు గాలి మొదలైంది. చేపలకి మంచిది, నాకు కాదు.

నీకు అమ్మ తిరగబడి గుర్తులేదు. సరిగ్గానే గుర్తుంది.

మీ అమ్మకి బట్టలు కట్టింది నేను. అంత్యక్రియల వాళ్ళు తెల్ల కిమొనో ఇచ్చి బయటికి వెళ్ళారు. నేను కుడి అంచు పైకి తెచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు, బడి సంచీ ఇంకా వీపునే ఉంది. నిన్ను చూశాక నా చేతులు ఆ అంచు వెనక్కి తీసి, ఎడమది పైకి తెచ్చాయి. ఆలోచించి చేసింది కాదు. తర్వాత ఊరంతా వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళింది. ఈ ఊళ్ళో అది కనిపించని కళ్ళు లేవు. ఒక్కరూ మాట అనలేదు. మీ నాన్న చూశాడు, తల దించుకున్నాడు. తర్వాత ఆయన ఒసాకా వెళ్ళిపోయి వేరే కాపురం పెట్టుకున్నప్పుడు కూడా నేను ఆయన్ని ఏమీ అనకపోవడానికి అదొక కారణం.

పదిహేనేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాల్సింది. రోజూ పొద్దున్నే నీకు పాదం ఎక్కడ పెట్టాలో చెప్పాను కానీ, ఇది చెప్పలేదు.

ఒక నియమం తప్పినదాన్ని, రెండోది తప్పితే కొత్తగా వచ్చే పాపమేమీ లేదు. నా తర్వాత చూపించడానికి ఎవరూ లేరు. బుధవారాలు జిమ్ములో నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఎవరికీ చూపకుండా నాతో పోనివ్వడం నియమాన్ని కాపాడినట్టా, చంపినట్టా అని చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆలోచించడానికి నాకు తీరిక బాగా ఉంది.

దీనితో పంపుతున్న చేప పెట్టెలో చిన్న మెమరీ కార్డు ఉంది, కంప్యూటరులో పెట్టి చూడు. మొరొహాషి తన ఫోనులో తీశాడు. జిమ్ము పైకప్పు బాగు చేస్తున్నారు, అందుకని మా గదిలోనే చేశాను. గది ఎత్తు చాలక నగినత బదులు బట్టలారేసే గెడ. నవ్వితే నవ్వు. ఒక్కసారే చేశాను, ఒక్కసారే చేయాలి కాబట్టి.

చేపని సన్నగా కోసి కాల్చుకో. ఉప్పెక్కువ, ఒకేసారి తినేయకు. ఎవరికైనా పెట్టు. ఆ వెనక బల్లావిడకి పెట్టు.

షినో

◆

టోక్యో
డిసెంబరు 1

అత్తయ్య గారికి,

జింకో చెట్ల ఆకులన్నీ రాలి వీధి పసుపుపచ్చగా ఉంది. ఇది నిజంగా కిటికీలోంచి చూసి రాశాను.

అమ్మ సంగతి చదివాక రెండు రోజులు పని చేయలేకపోయాను. మంచిదే జరిగింది నాకు, అయినా చేయలేకపోయాను. ఇప్పుడు ఆ రోజుని మళ్ళీ తలుచుకుంటే అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి.

చేప వెనక బల్లావిడకి పెట్టాను. చెవుల్లోంచి పాటలు తీసి, "మీ ఊరిదా?" అంది. గొంతు సన్నగా చిన్నపిల్లలా ఉంది. పేరు ముగికో. అయిదేళ్ళయ్యాక తెలిసింది!

మీ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గెడ కనిపించడం మానేసింది, నగినతే కనిపిస్తోంది. ఈసారి తెర మీద కాకుండా కాగితాల మీద గీస్తున్నాను, కాగితం దానంతటది తిరగబడదు. సెకనుకి ఎనిమిది బొమ్మలు, తొమ్మిది సెకన్లకి డెబ్బై రెండు కాగితాలు. మీ వీడియోని ఒక్కొక్క బొమ్మగా ఆపి చూస్తున్నాను.

ఒక్కటి అడగాలి. ఆఖర్న వెనక్కి తగ్గేటప్పుడు కుడి పాదం సమయానికి వస్తోంది, ఎడమ పాదం రెండు బొమ్మలు ఆలస్యంగా వస్తోంది. చాప మీద కొంచెం ఈడుస్తున్నట్టుగా. అది రూపంలో ఉన్నదేనా? లేక జారారా? మీరు ఎలా గీయమంటే అలా గీస్తాను.

తొవాకో

◆

మురకామి
డిసెంబరు 5

తొవాకోకి,

మొదటి మంచు పడింది.

నేను జారలేదు. రూపంలో ఉన్నదే. చూసింది చూసినట్టు గీయి. ఇంక ప్రశ్నలొద్దు.

షినో

◆

మురకామి
డిసెంబరు 27

తొవాకోకి,

మంచు మోకాలి లోతు వచ్చింది. మొరొహాషి పార పట్టుకుని కొట్టు ముందు తవ్వుతున్నాడు. చప్పుడు వింటూ రాస్తున్నాను.

నిన్న చివరి భాగం చూశాను. మొరొహాషి, వాళ్ళావిడ, వాళ్ళ ఇద్దరు మనవరాళ్ళు పైకి వచ్చారు. ఈ గదిలో అయిదుగురు కూర్చుని ఎన్నాళ్ళయిందో, ఆసనాలు చాలక దిండ్లు వేశాను. సెరి నగినత అందుకుంది. బొటనవేళ్ళు రెండూ దిగాయి. తర్వాత ఆ పిల్ల మంచు దులిపింది.

అరవై నాలుగేళ్ళుగా నా ఒంట్లో ఉన్నది బయటి నుంచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. నిన్న తెలిసింది. మా నాయనమ్మని చూసినట్టనిపించింది. ఏడ్చాను. మొరొహాషి భార్య చేతిరుమాలు ఇచ్చింది, వాడు మాత్రం "గురువుగారు ఏడవడం నేను చూడలేదు, నేను చూడలేదు" అంటూ గోడ వైపు తిరిగాడు.

పేర్లు వచ్చాయి. భూతద్దం అక్కర్లేకపోయింది, పెద్ద మనవరాలు చదివింది. 'ఇనామి తొవాకో.' దాని కింద నన్నడగకుండా నా పేరు కూడా వేయించావు. 'రూపం నేర్పినవారు: ఇనామి షినో.' మొరొహాషి చప్పట్లు కొట్టాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఇవాళ పొద్దున కిటికీలోంచి చూస్తే, ఆ పిల్లలిద్దరూ ఇంకో నలుగురిని పోగేసుకుని వీధిలో చీపుర్లతో ఆడుతున్నారు. మంచు దులుపుతున్నారు. వెనక్కి తగ్గుతున్నారు. ఆరుగురూ ఎడమ కాలు ఈడుస్తున్నారు. "కాదే, కాలు లేటుగా రావాలే, అలా చేస్తేనే సెరి" అని పెద్దది చిన్నదాన్ని కసురుకుంటోంది.

తొవాకో, అది రూపంలో లేదు.

జూన్‌లో మెట్ల దగ్గర పడిపోయాను. పక్షవాతం, చిన్నదే అన్నారు. ఎడమ కాలు, మూతి ఒక పక్క. వేడినీటి బుగ్గలూ లేవు, ఏమీ లేవు. ఆ అయిదు వారాలూ ఆసుపత్రిలో ఉన్నాను. మాట ముద్దగా వస్తుంది, అందుకే ఫోను చేయొద్దన్నాను. జిమ్ము పైకప్పు నిక్షేపంలా ఉంది, నేనే వెళ్ళడం లేదు. ఆసుపత్రిలో దగ్గరి బంధువుల పేరు రాయమంటే ఎవరూ లేరని రాశాను. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు కూడా నీ టోక్యో చిరునామా నా చేతిసంచీలోనే ఉంది. తొమ్మిది కార్డులూ అందులోనే ఉన్నాయి. నువ్వు జాలిపడి రావడం నాకు ఇష్టం లేదు. నగినత కోసం వస్తే వచ్చినట్టు. ముసలిదాని కాలు కోసం ఎందుకు రావాలి? అలా అనుకున్నాను.

నువ్వు అడిగినప్పుడైనా నిజం చెప్పాల్సింది. సిగ్గేసింది. పదమూడో గురువు తన కాలు తాను లాక్కోలేకపోతోందని రాయడానికి కలం కదల్లేదు. పదమూడు తరాలు ఒక్క వెంట్రుక తేడా రాకుండా తెచ్చిన రూపాన్ని నా అబద్ధంతో కుంటిదాన్ని చేసి, నా పేరు పెట్టి దేశమంతా చూపించాను. సరైనది చూసినవాళ్ళు బతికి లేరు. నేనే ఉన్నాను, నా కాలికి అది గుర్తులేదు.

నీ తప్పు ఏమీ లేదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు గీశావు.

షినో

◆

టోక్యో
డిసెంబరు 30

అత్తయ్య గారికి,

ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను, ఋతువు మీరు కిటికీలో చూసుకోండి.

నాకు తెలుసు.

ఆరో ఏట నుంచి పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే మీ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాకు నగినత ఇష్టం లేదు, కాబట్టి పైకి చూసేదాన్ని కాదు. మీ పాదాలే చూసేదాన్ని. మీ ఎడమ పాదం నాకు మీ మొహం కంటే బాగా తెలుసు. చిటికెన వేలి గోరు విరిగి పెరిగిందని కూడా తెలుసు. అది ఆలస్యంగా వచ్చే పాదం కాదు. వీడియో మొదటిసారి చూసిన రోజే మీకేదో జరిగిందని అర్థమైంది. అయినా అడిగాను, మీరు చెబుతారేమోనని. మీరు చెప్పలేదు. ప్రశ్నలొద్దన్నారు. ఆ రోజే రైలెక్కాల్సింది. మీరు దాచుకున్నదాన్ని లాగకూడదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి తొమ్మిది సెకన్లు పూర్తవ్వాలని కూడా అనుకున్నాను. అదీ ఉంది. దాన్ని దాచను.

ఆ పాదాన్ని సరిచేసి గీయడం నాకు చేతనవును. రెండు బొమ్మలు ముందుకి జరిపితే చాలు, ఎవరికీ తెలియదు. ఒక రోజంతా ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సరిచేస్తే మీరు బాగున్నట్టు అబద్ధం నేను కూడా చెప్పినట్టవుతుంది. చివరికి, అమ్మ మెడ దగ్గర అంచు మీ చేతులు తిప్పినట్టే, నా చెయ్యి ఆ పాదాన్ని ఆలస్యంగానే గీసింది. ఆలోచించి చేసింది కాదు. దర్శకుడు ఆ పాదం చూసి, "ఇన్నాళ్ళకి ఈ పిల్లకి బరువొచ్చింది" అన్నాడు. నాతోనే అన్నాడు, నా పేరు పెట్టి పిలిచి.

ఇక్కడ తప్పు బొమ్మని చింపేయరు. ఉసుయి గారు దాని మీద ఇంకో పల్చటి కాగితం పరిచి, కింది గీత కనిపిస్తుండగా సరైన గీత గీస్తారు. రెండూ కలిపి దాచిపెడతారు. డెబ్బై రెండు కాగితాలూ అడిగి తీసుకున్నాను. ముగికో సంతకం పెట్టింది, తిరిగి తెస్తానని హామీగా.

మీ కాలికి గుర్తులేకపోతే నోటికి గుర్తుంటుంది. ముద్దగా వచ్చినా ఫరవాలేదు. గెడ నేను పట్టుకుంటాను, మీరు కూర్చుని పాదం ఎక్కడ పెట్టాలో చెప్పండి, మునుపటిలాగే తిట్టండి. సరిగ్గా వచ్చాక పైన కాగితం పరిచి గీస్తాను. కింద మీ పాదం అలాగే ఉంటుంది.

జాలిపడి రావడం లేదు. నా బొటనవేళ్ళు చూడండి, తెలుస్తుంది.

మూడో తేదీ మధ్యాహ్నం రైలు. స్టేషనుకి రాకండి.

తొవాకో

◆

మురకామి
జనవరి 1

తొవాకోకి,

మంచు ఆగింది.

స్టేషనుకి రాను. జూలై నుంచి నేను కిందికి దిగలేదు. మెట్లు పద్నాలుగు, నాలుగోది వదులుగా ఉంది, చూసుకుని ఎక్కు. చప్పుడు వినగానే తలుపు దగ్గరికి వస్తాను, కొంచెం ఆలస్యమవుతుంది.

ఆగు.

షినో